రిచర్డ్ థాంప్సన్: ఆరు దశాబ్దాల గిటార్ ప్రయాణంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ గిటారిస్టు, పాటల రచయిత రిచర్డ్ థాంప్సన్ గురించి నేను మాట్లాడినప్పుడల్లా మిత్రులు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఆయన పేరు మొదటిసారి వింటున్నవారు కొందరు, ఒకటి రెండు పాటలు విని ఇంకా కావాలనుకునేవారు కొందరు, గిటార్ నేర్చుకుంటున్నవారు ఇంకొందరు. అందరికీ పనికొచ్చేలా జవాబులన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఎవరీ రిచర్డ్ థాంప్సన్?

1949 ఏప్రిల్ 3న లండన్‌లోని నాటింగ్ హిల్‌లో పుట్టారు. తండ్రి స్కాట్లండ్ మనిషి, లండన్ పోలీసు శాఖలో డిటెక్టివ్. ఆయనకూ గిటార్ సరదా ఉండేది. ఇంట్లో గిటారిస్టులు జాంగో రైన్‌హార్ట్, లెస్ పాల్ రికార్డులు ఒకవైపు, జిమ్మీ షాండ్ అకార్డియన్ మీద వాయించిన స్కాటిష్ నృత్య సంగీతం మరోవైపు మోగుతుండేవి. ఆ ఇంటి వాతావరణాన్ని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1967లో పద్దెనిమిదేళ్ల వయసులో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బ్యాండ్‌తో వేదిక ఎక్కారు. 2024లో ‘షిప్ టు షోర్’ ఆల్బమ్ విడుదల చేశారు. ఈ రెండింటి మధ్య యాభై ఏడేళ్లు గడిచాయి.

ఫెయిర్‌పోర్ట్ అనే పేరు ఎక్కడిది?

అది ఒక ఇంటి పేరు. ఉత్తర లండన్‌లోని మజ్‌వెల్ హిల్‌లో బ్యాండ్‌లోని మరో గిటారిస్టు సైమన్ నికోల్ కుటుంబానికి చెందిన ఇల్లు. అక్కడే కుర్రాళ్లంతా చేరి సాధన చేసేవారు. బేస్ గిటార్ వాయించే ఆష్లీ హచింగ్స్ ఈ గుంపును కూడగట్టారు. థాంప్సన్ అప్పటికి రంగుటద్దాల చిత్రాలు చేసే ఒక కళాకారుడి దగ్గర పని నేర్చుకుంటున్నారు.

1967 మే 27న గోల్డర్స్ గ్రీన్‌లో ఒక చర్చి హాలులో మొదటి కచేరీ జరిగింది. ప్రేక్షకుల్లో కూర్చున్న మార్టిన్ లాంబుల్ అనే కుర్రాడు కచేరీ అయ్యాక వచ్చి, మీ డ్రమ్మర్ కంటే నేను బాగా వాయిస్తానని చెప్పాడు. చెప్పినట్టే వాయించి బ్యాండ్‌లో చేరాడు. కొద్ది నెలల్లో నిర్మాత జో బాయ్డ్ వీళ్లను చేరదీశారు. ఆయనను అన్నిటికంటే ఆకట్టుకున్నది పద్దెనిమిదేళ్ల థాంప్సన్ గిటారే.

1969 సంవత్సరం గురించి అందరూ అంతగా ఎందుకు చెబుతారు?

ఒక్క ఏడాదిలో ఒక బ్యాండ్‌కు ఇంతకంటే ఎక్కువ జరగడం కష్టం. ఆ ఏడాది మూడు ఆల్బమ్‌లు వచ్చాయి: జనవరిలో ‘వాట్ వీ డిడ్ ఆన్ అవర్ హాలిడేస్’, జులైలో ‘అన్‌హాఫ్‌బ్రికింగ్’, డిసెంబరులో ‘లీజ్ అండ్ లీఫ్’. మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఒక చావు ఉంది. నిజానికి రెండు.

మే 12 తెల్లవారుజామున బర్మింగ్‌హామ్‌లో కచేరీ ముగించుకుని లండన్‌కు తిరిగివస్తుండగా ఎం1 రహదారిపై వాళ్ల వ్యాను బోల్తా పడింది. డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. అతనికి పంతొమ్మిదేళ్లు. థాంప్సన్‌తో కలిసి ప్రయాణిస్తున్న ఆయన ప్రియురాలు జీనీ ఫ్రాంక్లిన్ కూడా చనిపోయింది. ఆమె దుస్తుల డిజైనర్. ఆ ఏడాదే వచ్చిన గాయకుడు, బేస్ గిటారిస్టు జాక్ బ్రూస్ ఆల్బమ్ ‘సాంగ్స్ ఫర్ ఎ టైలర్’ పేరులోని దర్జీ ఆమే. థాంప్సన్ గాయాలతో బయటపడ్డారు.

బ్యాండ్ అక్కడితో ఆగిపోతుందనే అనుకున్నారు. వాళ్లు కొనసాగాలని నిర్ణయించుకున్నారు. ఆ వేసవిలో హాంప్‌షైర్‌లోని ఫార్లీ చాంబర్లేన్ అనే పల్లెలో ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుని అందరూ అక్కడికి చేరారు. ఫిడేలు విద్వాంసుడు డేవ్ స్వార్‌బ్రిక్, కొత్త డ్రమ్మర్ డేవ్ మాటక్స్ కలిశారు. అమెరికా పాటల తరహాలో ఇక పాడలేమన్న భావన వాళ్లలో బలపడింది. అంతకుముందు వాయించిన పాటల్లో చాలావాటి లయ మార్టిన్ చేతులది. అతను లేకుండా అవే మళ్లీ వాయించడం వాళ్లవల్ల కాలేదని నాకు అనిపిస్తుంది. తమ దేశపు పాత కథాగేయాల్లోకి వెళ్లారు. ఆ ఇంట్లో తయారైనదే ‘లీజ్ అండ్ లీఫ్’. 2006లో బీబీసీ రేడియో 2 జానపద పురస్కారాల సందర్భంగా శ్రోతలు దాన్ని అత్యంత ప్రభావశీలమైన జానపద ఆల్బమ్‌గా ఎన్నుకున్నారు.

జానపదాన్ని రాక్‌తో కలపడమంటే పాత పాటకు డ్రమ్ములు తగిలించడమేనా?

కాదు. అలా చేసినవాళ్లూ ఉన్నారు, ఆ రికార్డులు ఇప్పుడు వినలేం.

ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల కథాగేయాలను పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సిస్ చైల్డ్ అనే అమెరికన్ పండితుడు సేకరించి 305 గేయాలుగా వర్గీకరించారు. తర్వాత సెసిల్ షార్ప్ పల్లెలు తిరిగి పాటలు, వరసలు రాసుకున్నారు. మనకు నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు చేసిన పని తెలిసినవారికి ఈ శ్రమ విలువ చెప్పనక్కర్లేదు. ఆ గేయాల్లో కథ ముఖ్యం. జమీందారు భార్య ఒక యువకుణ్ణి ఇంటికి పిలుచుకోవడం, భర్త రావడం, కత్తులు దూయడం, ఇద్దరూ చనిపోవడం. పాడేవారు ఏడవరు, తీర్పు చెప్పరు. కథను కథగా చెబుతారు. చైల్డ్ సంకలనంలో 81వదైన ‘మాటీ గ్రోవ్స్’ ఇలాంటిదే. ఫెయిర్‌పోర్ట్ వాయించిన తీరులో బ్యాండ్ గాయని శాండీ డెన్నీ గొంతు ఆ నిబ్బరాన్ని తప్పదు. కథ ముగిశాక మాత్రం గిటారూ ఫిడేలూ కలిసి పరుగు తీస్తాయి. అంతవరకూ గొంతు అణచిపెట్టినదంతా అప్పుడు బయటికి వస్తుంది.

దీనికి బీజం కొన్ని నెలల ముందే, ‘అన్‌హాఫ్‌బ్రికింగ్’లోని ‘ఎ సెయిలర్స్ లైఫ్’ పాటలో పడింది. పదకొండు నిమిషాల పైచిలుకు పాట, ఒకే టేకులో రికార్డు చేశారు. మొదట గొంతు, వెనక తాళాల సన్నని గలగల. తర్వాత ఫిడేలు ఒక ముక్క అంటే గిటారు దానికి బదులిస్తుంది. రెండూ ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ వెళ్తాయి. ఆ డ్రమ్ములు మార్టిన్ లాంబుల్‌వి. ఆల్బమ్ బయటికి వచ్చేసరికి అతను లేడు.

ఆయన గిటార్ మిగతా రాక్ గిటారిస్టుల్లా ఎందుకు వినిపించదు?

అన్ని ప్రశ్నల్లోకీ నాకు ఇష్టమైనది ఇదే.

1960ల్లో లండన్‌లో ఎదిగిన గిటారిస్టుల్లో ఎక్కువమంది అమెరికా నల్లజాతి బ్లూస్‌ను గురువుగా తీసుకున్నారు. క్లాప్టన్ అలా, జిమ్మీ పేజ్ అలా. థాంప్సన్ బ్లూస్ ఎరిగినవారే, కానీ ఆ దారిన ఇప్పటికే చాలామంది నడుస్తున్నారని, అది తన నేల భాష కాదని చాలా చిన్న వయసులోనే గ్రహించారు. ఇంట్లో విన్న అకార్డియన్, స్కాటిష్ బ్యాగ్‌పైప్, ఫిడేలు ఆయన చెవిలో ఉన్నాయి. గిటార్‌ను వాటిలా పలికించారు.

బ్యాగ్‌పైప్ వాయించేటప్పుడు సంచిలోంచి గాలి ఆగకుండా వస్తుంది. స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం ఉండదు. ‘స స స’ అని మూడుసార్లు పలకాలంటే మధ్యలో వేరే స్వరాన్ని రెప్పపాటు తాకి వెనక్కి రావాలి. అందుకే ఆ వాద్యంలో ప్రతి స్వరం ముందూ చిన్న చిన్న తాకుడు స్వరాలు ఉంటాయి. గిటార్‌కు ఆ అవసరం లేదు, తీగను మళ్లీ మీటితే చాలు. అయినా థాంప్సన్ ఎడమచేతి వేళ్లతో ఆ తాకుళ్లన్నీ వేస్తారు. మన చెవికి అది గమకానికి దగ్గరగా తోస్తుంది. ఆయన వాదనం తెలుగు శ్రోతలకు తొందరగా పట్టుబడటానికి ఇదొక కారణమని నా నమ్మకం.

రెండో కారణం శ్రుతి. బ్యాగ్‌పైప్‌లో పాట వాయించే గొట్టం పక్కన ఎప్పుడూ ఒకే స్వరంలో మోగే మూడు గొట్టాలు ఉంటాయి, మన తంబురాలాగా. థాంప్సన్ ఒక తీగ మీద వరస నడుపుతూ పక్క తీగను వదులుగా మోగనిస్తారు. పాట ఎటు తిరిగినా ఆధారం చెవిలో ఉంటుంది. వరస ఆ ఆధారానికి దూరం జరిగినప్పుడు పుట్టే బిగువు ఆయన సోలోల్లో అసలు కథ.

ఇక స్వరాలు. పాశ్చాత్యులు మిక్సోలిడియన్ అనే శ్రేణి స్వరాలు మన హరికాంభోజివే. డోరియన్ అనేది ఖరహరప్రియ స్వరాలు. బ్రిటిష్ దీవుల పాత పాటల్లో ఈ రెండూ తరచుగా వస్తాయి, థాంప్సన్ వాదనంలోనూ అంతే. రాగసంచారం వేరు, స్వరాలు కలిసినంత మాత్రాన రాగం అయిపోదు. కానీ కర్ణాటక సంగీతం కొంచెం విన్న చెవికి ఈ సోలోలు పరాయివిగా అనిపించవు.

కుడిచేతి సంగతీ చెప్పాలి. తీగలు మీటే చిన్న బిళ్లను, అంటే పిక్‌ను, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటారు. మధ్యవేలు, ఉంగరపువేలు ఖాళీగా ఉంటాయి. పిక్ మంద్ర తీగల మీద ఒక నడక నడుస్తుంటే, ఆ రెండు వేళ్లు పై స్థాయి తీగలను కింద నుంచి పైకి లాగుతాయి. ఒక్క మనిషి వాయిస్తుంటే ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపించేది ఇందువల్లే.

బ్యాండ్ ఎందుకు వదిలేశారు?

1970లో ‘ఫుల్ హౌస్’ వచ్చాక, 1971 జనవరిలో బయటికి వచ్చారు. అప్పటికి శాండీ డెన్నీ, హచింగ్స్ ఇద్దరూ వెళ్లిపోయారు. థాంప్సన్ రాయాలనుకున్న పాటలకు ఆ బ్యాండ్ చట్రం సరిపోలేదు. గొడవేమీ లేదు. ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని క్రాప్రెడీ గ్రామంలో ఏటా ఆగస్టులో ఫెయిర్‌పోర్ట్ జరిపే ఉత్సవానికి ఆయన ఎన్నోసార్లు వచ్చి వాయించారు. ఆ ఉత్సవం చివర్లో జనమంతా గొంతు కలిపే ‘మీట్ ఆన్ ద లెడ్జ్’ ఆయన తన కుర్రతనంలో రాసిన పాటే.

కొంతకాలం ఇతరుల రికార్డింగులకు వాయించారు. అంతకుముందే గాయకుడు నిక్ డ్రేక్ మొదటి ఆల్బమ్‌లోని మొదటి పాటలో గిటార్ పలికించినదీ ఈయనే. 1972లో సొంతంగా ‘హెన్రీ ద హ్యూమన్ ఫ్లై’ తెచ్చారు. అది ఘోరంగా విఫలమైంది. తీరిగ్గా వింటే చాలా మంచి ఆల్బమ్.

లిండా థాంప్సన్ ఎవరు?

గాయని. 1972లో ఆయనను పెళ్లాడారు. పదేళ్లపాటు ఇద్దరూ కలిసి ఆరు ఆల్బమ్‌లు చేశారు. మొదటిది ‘ఐ వాంట్ టు సీ ద బ్రైట్ లైట్స్ టునైట్’. 1973లో కొద్ది రోజుల్లో, కొద్ది ఖర్చుతో రికార్డు చేశారు. చమురు సంక్షోభంతో రికార్డుల తయారీకి ముడిసరుకు కరవై 1974 దాకా విడుదల కాలేదు. థాంప్సన్ రాసే పాటలు చీకటివి. తాగుబోతులు, బిచ్చగాళ్లు, ఆశలు ఉడిగిన మనుషులు ఉంటారు. లిండా ఆ పాటలను ఏ బరువూ వేయకుండా, పక్కింటి అమ్మాయి చెబుతున్నట్టుగా పాడతారు. ఆ నిదానం లేకపోతే ఆ మాటలు భరించడం కష్టమయ్యేది. 1975 నాటి ‘డిమింగ్ ఆఫ్ ద డే’ను తర్వాత బానీ రైట్ సహా ఎందరో పాడారు. లిండా పాడినదే నాకు చాలు.

ఆమెకు గొంతు సహకరించని జబ్బు వచ్చింది. మాట, పాట రెండూ ఉన్నట్టుండి ఆగిపోయేవి. 2024లో తాను రాసిన పాటలను ఇతరుల చేత పాడించి ఒక ఆల్బమ్ తెచ్చారు. వారి పిల్లలు టెడ్డీ, కామిలా ఇద్దరూ గాయకులే.

ఆయన సూఫీ మార్గంలోకి వెళ్లారన్నది నిజమేనా?

నిజం. 1970ల మధ్యలో ఇద్దరూ ఇస్లాం స్వీకరించి లండన్‌లోని ఒక సూఫీ సమాజంలో చేరి జీవించారు. కొంతకాలం థాంప్సన్ ఎలక్ట్రిక్ గిటార్ పక్కన పెట్టేశారు. 1975 తర్వాత మూడేళ్లు కొత్త ఆల్బమ్ రాలేదు. సమాజాన్ని విడిచి వచ్చినా విశ్వాసాన్ని విడవలేదు. దాన్ని పాటల్లో జెండాలా ఎగరవేయడం ఆయన పద్ధతి కాదు. ఆ రోజుల గురించి తెలుసుకోవాలనుకుంటే 2021లో వచ్చిన ఆయన జ్ఞాపకాల పుస్తకం ‘బీస్‌వింగ్’ ఉంది. 1967 నుంచి 1975 వరకే చెప్పి ఆపేశారు.

‘షూట్ అవుట్ ద లైట్స్’ విడాకుల గురించిన ఆల్బమా?

అలా ప్రచారం జరిగింది, అది తప్పు. 1982లో ఆల్బమ్ వచ్చేనాటికి వాళ్లు విడిపోతున్నారు, అందుకే విన్నవాళ్లంతా ప్రతి పాటలోనూ ఆ కాపురాన్నే వెతుక్కున్నారు. కానీ పాటల్లో చాలావరకు అంతకు ముందే రాసినవి. 1980లో ఒకసారి రికార్డు కూడా చేసి, నచ్చక పక్కన పెట్టారు. తర్వాత జో బాయ్డ్ నిర్మాణంలో మళ్లీ వాయించారు.

ఆ తర్వాత జరిగినది మాత్రం అందరూ చెప్పుకొనేంత బాధాకరం. విడిపోయాక కూడా ఒప్పుకున్న మాట ప్రకారం ఇద్దరూ కలిసి అమెరికా పర్యటన చేశారు. ప్రతి రాత్రీ ఒకే వేదిక మీద ఆ పాటలే పాడారు. 1989లో రోలింగ్ స్టోన్ పత్రిక ఆ దశాబ్దపు మేటి ఆల్బమ్‌ల జాబితాలో దీనికి తొమ్మిదో స్థానం ఇచ్చింది.

మోటారు సైకిల్ పాట అంటారే, అది ఏది?

‘1952 విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్’. 1991 నాటి ‘రూమర్ అండ్ సై’ ఆల్బమ్‌లోది. జేమ్స్ అనే దొంగ, ఎర్రజుట్టు మాలీ అనే అమ్మాయి, ఇంగ్లండ్‌లోని స్టీవనేజ్‌లో తయారైన ఒక అపురూపమైన మోటారు సైకిల్. ఆ మోడల్ బండ్లు మొత్తం ముప్పై చిల్లర మాత్రమే తయారయ్యాయి. దోపిడీ చేస్తూ తుపాకీ గుండు తగిలి, ప్రాణం పోతుండగా జేమ్స్ ఆమె చేతికి బండి తాళాలు ఇస్తాడు. అంతే కథ.

థాంప్సన్ ఇందులో చేసినది ఎంతో పెద్ద పని. పాత కథాగేయాల్లో వీరుడికి గుర్రం ఉంటుంది. ఇక్కడ దాని చోటులో మోటారు సైకిల్ వచ్చింది. మూడు వందల ఏళ్ల నాటి పాట అని చెప్పినా నమ్మేలా ఉంటుంది, ఒక్క బండి పేరు తీసేస్తే. అందుకే అమెరికాలో బ్లూగ్రాస్ అనే గ్రామీణ సంగీతం పాడే డెల్ మెకూరీ దాన్ని తన పాటలా పాడుకోగలిగారు. 2011లో టైమ్ పత్రిక 1923 తర్వాతి వంద మేటి పాటల్లో దీన్ని చేర్చింది. హిట్ పాటల పట్టికల్లో మాత్రం ఇది ఎన్నడూ కనిపించలేదు.

గిటార్ ఒక్కటే తోడు. ఆరో తీగను మామూలు శ్రుతి నుంచి ‘సి’ దాకా, ఐదో తీగను ‘జి’ దాకా వదులు చేస్తారు. మిగతా నాలుగు తీగలు మామూలే. మూడో ఫ్రెట్ (మెట్టు) మీద కేపో, అంటే తీగలన్నిటినీ అక్కడ నొక్కిపట్టే బిగింపు. ఆరో తీగ అంత వదులైతే మీటినప్పుడు కొంచెం గరగరమని ఊగుతుంది. ఆ ఊగే మంద్రస్వరంలో ఇంజను చప్పుడు ఉంది. పైన మధ్యవేలు, ఉంగరపువేలు చినుకుల్లా స్వరాలు రాలుస్తుంటాయి. ఈ పాట వాయించే వీడియోలో ఆయన ముఖం చూడకండి, కుడి మణికట్టు చూడండి. దాదాపు కదలదు.

ఏ గిటార్లు వాడతారు?

మొదట్లో గిబ్సన్ లెస్ పాల్, తర్వాత చాలాకాలం 1959 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్. అకూస్టిక్ అయితే ఉత్తర ఐర్లండ్‌లో జార్జ్ లోడెన్ చేసే గిటార్లు. ఆయన పేరుతో ఒక మోడల్ కూడా ఉంది.

‘వెయ్యేళ్ల పాటలు’ కచేరీ సంగతి ఏమిటి?

1999లో ఒక అమెరికన్ పత్రిక సహస్రాబ్దిలో మేటి పాటల జాబితా ఇమ్మని పలువురు సంగీతకారులను అడిగింది. పత్రికవాళ్ల మనసులో ఉన్నది గత నలభై యాభై ఏళ్ల పాటలు. థాంప్సన్ అడిగిన మాటను అక్షరాలా పట్టుకుని, పదమూడో శతాబ్దపు ఆంగ్ల గీతం నుంచి మొదలుపెట్టి జాబితా పంపారు. పత్రిక వేసుకోలేదు. ఆయన దాన్నే కచేరీగా మలిచారు. మధ్యయుగపు పాట, మాడ్రిగల్ అనే ఇటలీ బృందగీతం, సంగీతశాలల వినోద గీతం, చివరికి బ్రిట్నీ స్పియర్స్ పాట. ఆ చివరి పాటను పరిహాసానికి పెట్టలేదు. ఆయన చేతుల్లో దాని వరస ఎంత గట్టిదో తెలిసొస్తుంది.

సినిమాలకు పనిచేశారా?

చేశారు. వెర్నర్ హెర్జోగ్ తీసిన ‘గ్రిజ్లీ మ్యాన్’ డాక్యుమెంటరీకి 2005లో ఇచ్చిన సంగీతం తప్పక వినాలి. కొద్దిమంది వాద్యకారులతో కూర్చుని, చాలావరకు అప్పటికప్పుడు కల్పించి వాయించినది. అలాస్కా మైదానాలకు ఆ గిటార్ తప్ప మరొకటి నప్పదనిపిస్తుంది.

పెద్ద హిట్టు ఒక్కటీ లేకుండా ఇన్నేళ్లు ఎలా నిలిచారు?

కచేరీలతో. ఫెయిర్‌పోర్ట్ రోజుల్లో ఒక ఫ్రెంచి పాట బ్రిటన్ పట్టికలో 21వ స్థానానికి చేరింది, అది కూడా ఆయన రాసినది కాదు. ఆయనను కంపెనీలు తీసుకున్నాయి, వదులుకున్నాయి. ఆయన మాత్రం ఒక గిటార్‌తో ఒంటరిగానో, ముగ్గురు నలుగురితో కలిసో ఊళ్లు తిరుగుతూనే ఉన్నారు. ఆ కచేరీలకు తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలను తీసుకొస్తున్నారు. 2019 సెప్టెంబరు 30న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో డెబ్బయ్యేళ్ల పుట్టినరోజు కచేరీ జరిగింది.

పాటల రాశి కూడా ముఖ్యమే. ప్రతి రెండు మూడేళ్లకు ఒక ఆల్బమ్ రాస్తూనే వచ్చారు. 2013లో ‘ఎలక్ట్రిక్’, 2015లో ‘స్టిల్’, 2018లో ‘13 రివర్స్’. పాత పాటల మీద బతకాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

పురస్కారాలు?

1991లో పాటల రచనకు ఐవర్ నోవెలో, 2006లో బీబీసీ రేడియో 2 జీవిత సాఫల్య పురస్కారం, 2011లో బ్రిటిష్ ప్రభుత్వ ఓబీఈ. 2003లో రోలింగ్ స్టోన్ వంద మేటి గిటారిస్టుల జాబితాలో 19వ స్థానం. గ్రామీకి నామినేట్ అయ్యారు.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

జానపద గేయాలు ఇష్టమైతే ‘లీజ్ అండ్ లీఫ్’. పాటల్లో మాటలు ముఖ్యమనుకుంటే ‘బ్రైట్ లైట్స్’. గిటార్ కోసమే అయితే ‘ద కాల్వరీ క్రాస్’ పాటను 1975లో కచేరీలో వాయించినది వెతకండి. పది నిమిషాలు దాటిన ఆ సోలోలో ఎక్కడా తొందర లేదు. మొదటిసారి ఫోనులో, స్పీకరు మీద వినవద్దు. మంచి హెడ్‌ఫోన్లతో, దీపం తీసేసి వినండి.

నేను గిటార్ నేర్చుకుంటున్నాను. ఆయనలా వాయించడం ఎలా మొదలుపెట్టాలి?

సోలోలతో వద్దు. ఆరో తీగను ‘సి’కి, ఐదో తీగను ‘జి’కి దింపండి. పిక్‌తో ఆ రెండు తీగలనే ఒకదాని తర్వాత ఒకటి, గడియారం నడిచినంత సమంగా మీటండి. ఎడమచేతిని తీగల మీద పెట్టకండి. పక్కన ఎవరితోనైనా మాట్లాడుతున్నా ఆ నడక తప్పకుండా సాగే వరకు అదే చేయండి. నాకు పది రోజులు పట్టింది. ఆ తర్వాత మధ్యవేలితో రెండో తీగను ఒక్కసారి లాగండి, నడక ఆగకుండా. మొదటిసారి కచ్చితంగా ఆగుతుంది. ఆగినప్పుడు మళ్లీ ఆరో తీగ దగ్గర మొదలుపెట్టండి.